దానంగా వచ్చిన రెండు గ్రౌండ్లు, పసుపు నీళ్ళ బోరు: మట్టి పరీక్షకు డబ్బు ఎవరిస్తారు?

కొరట్టూరు కోశాధికారి | శనివారం, ఉదయం 6:52

అందరికీ నమస్కారం. మాది చెన్నైలో అంబత్తూరు వైపు ఒక చిన్న తెలుగు సంఘం. ఉగాదికి పచ్చడి, సంక్రాంతికి ముగ్గులు, ప్రతి ఆదివారం పిల్లలకు తెలుగు బడి. ఇంతే మా సంసారం. బడికి ఇన్నాళ్ళూ అద్దె గదే. పోయిన ఏడాది మా పెద్ద సభ్యులొకరు కాలం చేస్తే, ఆయన పిల్లలు తండ్రి పేరు నిలపాలని రెండు గ్రౌండ్ల (గ్రౌండంటే 2,400 చదరపు అడుగులు) స్థలం సంఘానికి రాసిచ్చారు. ఈ ఊళ్ళో రెండు గ్రౌండ్లంటే ఎంతో మీకు చెప్పనక్కరలేదు. దానపత్రం రిజిస్టరైన రోజు వీధంతా మిఠాయిలు పంచాం.

ఆ స్థలంలో ఒకప్పుడు ఇనుప సామానుకు క్రోమియం పూత వేసే చిన్న కార్ఖానా ఉండేది. మూతపడి ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడు రేకులు కూడా లేవు, తుమ్మ చెట్లే. పాత బోరుకు మోటారు బిగించి తోడితే తెల్ల బకెట్టులో నీళ్ళు నిమ్మపండు రంగులో కనబడ్డాయి. ఇనుము అయ్యుంటుందనుకున్నాం. ప్లంబరు మాత్రం, "ఇనుమైతే నిలవ ఉన్నాక ఎర్రబడుతుంది సార్, ఇవి పడుతూనే పసుపుపచ్చగా ఉన్నాయి" అన్నాడు.

"మట్టి పరీక్ష చేయించాం కదా, మళ్ళీ ఏమిటి?" అని మా కార్యదర్శి విసుక్కుంటున్నారు. ఆ పరీక్ష పునాది ఎంత బరువు మోస్తుందో చూసేది. మట్టిలో ఏముందో చూసేది కాదు. ఆ రెండో దానికి ఒక ప్రైవేటు ప్రయోగశాలను అడిగితే, పలు చోట్ల పలు లోతుల్లో నమూనాలు తీయాలంటూ చెప్పిన మొత్తం మా నిధిలో మూడో వంతు. ప్రభుత్వం నుంచి దీనికేమైనా సాయం దొరుకుతుందా?

పాత గాజుకుప్పె | శనివారం, ఉదయం 7:10

ముందు ఆ మోటారు విప్పేయండి. మిగతా మాటలు తరువాత.

కొరట్టూరు కోశాధికారి | శనివారం, ఉదయం 7:31

విప్పించాను. అంత ప్రమాదమా అండీ?

పాత గాజుకుప్పె | శనివారం, ఉదయం 8:15

పరీక్ష లేకుండా ఖాయంగా చెప్పలేను. కానీ క్రోమియం పూత పని జరిగిన చోట నీళ్ళు పసుపుగా వస్తే మొదట అనుమానించవలసింది హెక్సావాలెంట్ క్రోమియాన్నే. క్రోమియంలో రెండు రూపాలు ముఖ్యం. ఒకటి నేలలో చాలా వరకు కదలకుండా పడి ఉంటుంది, హాని తక్కువ. ఈ హెక్సావాలెంట్ రూపం అలా కాదు, నీళ్ళలో కరిగి నీళ్ళతో పాటే ప్రయాణం చేస్తుంది. ఊపిరితో లోపలికి వెళితే క్యాన్సర్ కారకమని తేలిన పదార్థం. తాగే నీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం. కంటికి రంగు తెలిసిందంటే ఆ హద్దు ఎన్నో రెట్లు దాటి ఉండే అవకాశమే ఎక్కువ. కాచి చల్లార్చినా పోదు. కాచితే నీళ్ళు తగ్గి ఇంకా చిక్కబడుతుంది.

ఇంకొక మాట. మామూలుగా చేయించే తాగునీటి పరీక్షలో కాఠిన్యం, లవణాలు, క్రిములు చూసి చీటీ ఇచ్చేస్తారు. క్రోమియం చూడమని పేరు పెట్టి అడగాలి. హెక్సావాలెంట్ విడిగా కావాలంటే నమూనాను మంచులో పెట్టి అదే రోజు చేర్చాలి, 24 గంటలు దాటనివ్వకూడదు. నా ఉద్యోగ కాలంలో మినరల్ వాటర్ సీసాలో పోసి వారం తరువాత బస్సులో పంపినవాళ్ళను చూశాను. అలాంటి నీళ్ళకు వచ్చే ఫలితాన్ని నమ్మడం కంటే సోది చెప్పించుకోవడం నయం.

లెక్కలవాడు | శనివారం, ఉదయం 9:02

కోపగించుకోకపోతే ఒక మాట. ఆ కార్ఖానా యజమాని లాభం తిన్నాడు, స్థలం తిన్నాడు, నేలలో విషం పోశాడు. ఇప్పుడు పరీక్షకు ప్రజల పన్ను ఎందుకు? దానమిచ్చిన పిల్లలనే అడగండి. అయినా ఈ ఊళ్ళో రెండు గ్రౌండ్లు ఊరికే ఎందుకిచ్చారో ఎవరైనా ఆలోచించారా?

కొరట్టూరు కోశాధికారి | శనివారం, ఉదయం 9:40

ఆ అనుమానం నాకు రాలేదని చెప్పను. కానీ కార్ఖానా ఆయనది కాదు. ఆయన స్థలం అద్దెకిచ్చారు. నడిపినవాళ్ళు వేరే రాష్ట్రంవాళ్ళు, సామాను ఎత్తుకుని ఎప్పుడో వెళ్ళిపోయారు. పెద్దకొడుక్కు ఫోను చేశాను. చాలాసేపు మాట్లాడలేదు. "మాకు తెలిసి ఇవ్వలేదు అంకుల్" అన్నాడు. నమ్మాను. నమ్మకుండా ఎలా ఉంటాను, ఆ ఇంట్లో పాతికేళ్ళు భోజనం చేసినవాణ్ణి.

మాజీ మున్సిపల్ ఇంజనీరు | శనివారం, మధ్యాహ్నం 12:20

కోశాధికారి గారూ, సాయం ఉందా అన్నారు కాబట్టి ఉన్నదేమిటో, అది మీ దాకా ఎందుకు రాదో చెబుతాను. కొంచెం పెద్దదవుతుంది.

మన దేశంలో నేలను బాగుచేయడానికి కేంద్రం డబ్బు బాగా కదిలింది చెత్త గుట్టల మీదే. 2021 అక్టోబరులో మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ రెండో విడతలో, పాత చెత్తను తవ్వి జల్లెడ పట్టే పనికి టన్నుకు 550 రూపాయలు అని ఒక ధర కట్టారు. పది లక్షలు దాటిన నగరాలకు అందులో కేంద్రం వాటా 25 శాతం, లక్ష నుంచి పది లక్షల ఊళ్ళకు 33, లక్షలోపు ఊళ్ళకు 50. మన చెన్నైలో పెరుంగుడి, కొడుంగయ్యూరు గుట్టల పని ఇలా తవ్వి జల్లెడ పట్టే పద్ధతిలోదే. కొడుంగయ్యూరు పని విలువ 600 కోట్లు దాటింది.

అక్కడ ధర కట్టగలిగారు ఎందుకంటే గుట్ట కళ్ళకు కనబడుతుంది. కొలవవచ్చు, తూకం వేయవచ్చు, ముందు ఫోటో, తరువాత ఫోటో. మీ స్థలంలో ఉన్నది కనబడదు. అందుకే దానికి పథకంలో గడి లేదు.

ఇక 2025 జూలైలో కేంద్ర పర్యావరణ శాఖ కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. ఇన్నాళ్ళూ ఈ విషయానికంటూ విడిగా చట్టపరమైన దారే లేదు. ఆ నియమాల ప్రకారం జిల్లా యంత్రాంగం అనుమానాస్పద స్థలాల జాబితా ఆరు నెలలకొకసారి పంపాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి. అక్కడ అనుమానం బలపడితే మరో మూడు నెలల్లో వివరమైన సర్వే. మొత్తం 189 ప్రమాదకర రసాయనాల పట్టీ ఉంది. కలుషితం చేసినవాడే ఖర్చు పెట్టుకోవాలి. వాడు దొరకకపోయినా, దొరికి చేతులెత్తేసినా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరించాలి. ఇది చదివి లెక్కలవాడు గారు నొచ్చుకుంటారేమో, కానీ పరారైనవాడి పాపం ప్రభుత్వం నెత్తిన పడుతుందని నియమాల్లోనే రాసుకున్నారు.

శుభ్రం చేసే పని ఎప్పటికి పూర్తి కావాలో మాత్రం ఆ నియమాల్లో గడువు లేదు. నాకు కనబడిన పెద్ద చిల్లు అది.

లెక్కలవాడు | శనివారం, మధ్యాహ్నం 12:48

నొచ్చుకోలేదు. ఇలాంటివి దేశంలో ఎన్ని తేలాయో, ఎన్ని శుభ్రమయ్యాయో కూడా చెప్పండి. లెక్క అక్కడుంది.

మాజీ మున్సిపల్ ఇంజనీరు | శనివారం, మధ్యాహ్నం 1:05

నియమాలు వచ్చినప్పుడు అధికారికంగా చెప్పిన లెక్క 103 స్థలాలు. పని మొదలైంది ఏడింట్లో.

ఓహైయో అల్లుడు | శనివారం, రాత్రి 7:30

పెరంబూరులో పుట్టి, చదువుకుని, ఇక్కడ నేల పరిశీలన చేసే కంపెనీలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. అమెరికా గొప్ప అని చెప్పడానికి కాదు, ఒక్క తేడా చెప్పాలని రాస్తున్నాను.

ఇక్కడ దీనికి పునాది లవ్ కెనాల్ ఘటన. నయాగరా ఫాల్స్ ఊళ్ళో ఒక రసాయన కంపెనీ పాత కాలువలో సుమారు 21,000 టన్నుల వ్యర్థాలు పూడ్చి, పైన మట్టి కప్పి, 1953లో ఆ స్థలాన్ని బడి కట్టుకోమని ఒక్క డాలరుకు ఇచ్చేసింది. బడి కట్టారు, ఇళ్ళు కట్టారు. పాతికేళ్ళకు నేలమాళిగల్లోకి నల్లటి ద్రవం ఊరింది. కోశాధికారి గారూ, మీ టపా మొదటి పేరా చదవగానే నాకు గుర్తొచ్చింది అదే. భయపెట్టాలని కాదు.

ఆ గొడవతోనే 1980 డిసెంబరులో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. ముడిచమురు, రసాయన కంపెనీల మీద పన్ను వేసి నిధి పోగుచేశారు. 1995 చివర్లో ఆ పన్ను గడువు తీరిపోతే పొడిగించలేదు. ఉన్న నిధి కరిగిపోయాక సాధారణ బడ్జెట్టు మీదే ఈడ్చుకొచ్చారు. రసాయనాల పన్నును 2021లో, ముడిచమురు పన్నును 2022లో చేసిన చట్టాలతో మళ్ళీ తెచ్చారు. జాబితాలో ఇప్పటికీ 1,300 పైచిలుకు స్థలాలున్నాయి. అంటే ఇక్కడా దశాబ్దాలు పడుతుంది.

మీకు పనికొచ్చే సంగతి సూపర్‌ఫండ్ కాదు. అది పెద్ద గాయాలకు. చిన్న చిన్న పాత పెట్రోలు బంకులు, డ్రై క్లీనింగ్ దుకాణాలు, మీలాంటి పూత కార్ఖానాల స్థలాలకు బ్రౌన్‌ఫీల్డ్ అని వేరే కార్యక్రమం 1995లో మొదలైంది, 2002లో చట్టమైంది. అందులో శుభ్రం చేయడానికి ఒక గ్రాంటు, కేవలం పరీక్షించడానికి విడిగా మరో గ్రాంటు. కాలుష్యం ఉందని ముందే రుజువు చేయనక్కరలేదు. ఉందేమోనన్న అనుమానం వల్ల స్థలం పాడుబడి ఉంటే చాలు. ఊరి కౌన్సిళ్ళకే కాదు, లాభాపేక్ష లేని సంఘాలకూ ఇస్తారు. 2021 చట్టంలో ఈ ఒక్క కార్యక్రమానికే 150 కోట్ల డాలర్లు పెట్టారు.

మొదటి దశలో ఒక్క గుంట కూడా తవ్వరు. పాత దస్తావేజులు, లైసెన్సులు, పటాలు, ఇరుగుపొరుగు జ్ఞాపకాలు, స్థలం చుట్టూ నడక. అంతే. ఆ తరువాతే రెండో దశలో తవ్వకం. మొదటి దశకు మీకు గ్రాంటు అక్కరలేదు, ఓపిక ఉంటే చాలు.

పాలారు పక్కవాడు | ఆదివారం, ఉదయం 5:58

రాణిపేట నుంచి. మా ఊళ్ళో 1990ల్లో మూతపడిన క్రోమేట్ కర్మాగారం వదిలిపెట్టిన వ్యర్థం రెండు లక్షల టన్నుల పైమాట. వాన పడితే గుట్ట కింద పసుపు నీళ్ళు పారడం మా పిల్లలకు వింత కాదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవాళ్ళు వచ్చి భూగర్భ జలాల మీద అధ్యయనం చేసి వెళ్ళారు. కాబట్టి మా దగ్గర పరీక్ష లేక ఆగలేదు. పరీక్ష అయింది, నివేదికలు అయ్యాయి, కేసులు అయ్యాయి. గుట్ట మాత్రం కదల్లేదు. పరీక్షకు డబ్బు దొరికితే చాలనుకునేవాళ్ళు ఒకసారి మా ఊరు రండి, కాఫీ నేనిప్పిస్తాను.

హైకోర్టు నీడ | ఆదివారం, ఉదయం 8:44

పాలారు పక్కవాడు గారి బాధలో ఒక విచిత్రం ఉంది. కలుషితం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం మన చట్టంలో భాగమని సుప్రీంకోర్టు 1996లో గట్టిగా చెప్పింది పాలారు ఒడ్డు తోళ్ళ పరిశ్రమల కేసులోనే. అదే ఏడాది రాజస్థాన్‌లోని బిచ్చ్రి కేసులోనూ అదే మాట. ఆ కేసులో తరువాత లెక్కగట్టిన శుద్ధి ఖర్చు 37 కోట్ల పైచిలుకు. కంపెనీలు పిటిషన్ల మీద పిటిషన్లు వేసి సాగదీస్తే, 2011లో సుప్రీంకోర్టు వడ్డీతో సహా కట్టమంది. సూత్రం బంగారమే. వసూలు కావడానికి ఒక తరం పడుతుంది.

అందుకే ప్రజాధనం ఎందుకన్న లెక్కలవాడు గారి ప్రశ్నకు నా జవాబు: ముందు ప్రభుత్వం ఖర్చు పెట్టి, తరువాత బాధ్యుడి మెడ మీద కూర్చుని వసూలు చేయాలి. వసూలయ్యేదాకా నీళ్ళు ఆగవు కదా. భోపాల్ చూడండి. 1984లో గ్యాసు లీకయితే, ఆవరణలో మిగిలిన 337 టన్నుల వ్యర్థాలు 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోనే పీతంపూర్‌లో ఉన్న వ్యర్థాల కేంద్రానికి తరలాయి. ఖర్చు 126 కోట్లు, ప్రభుత్వానిదే. అదీ మూటలు కట్టి ఉన్న వ్యర్థాలకు మాత్రమే. చుట్టుపక్కల మట్టి, బావుల సంగతి అలాగే ఉంది.

కోశాధికారి గారూ, దానం పుచ్చుకున్నాక కాగితం మీద యజమాని మీ సంఘమే. రేపు నోటీసు మీ పేరున రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఫిర్యాదు మీరే ముందు ఇవ్వండి. జిల్లా కలెక్టరుకు ఒకటి, దాని నకలు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి. అందిన రసీదు దాచుకోండి.

కొడుంగయ్యూరు కోడలు | ఆదివారం, ఉదయం 11:15

ఇంజనీరు గారు గుట్ట కనబడుతుంది కాబట్టి డబ్బొచ్చిందన్నారు. నిజమే. కానీ అది కనబడ్డ మొదటి రోజే రాలేదండీ. మా మామగారి తండ్రి నెల్లూరు వైపు నుంచి వచ్చి కార్పొరేషన్‌లో పారిశుద్ధ్య కార్మికుడిగా చేరారు. ఈ నగరంలో వీధులు ఊడ్చినవాళ్ళలో తెలుగు ఇళ్ళు ఎన్నో మీకు తెలిసే ఉంటుంది. మా ఇంటి డాబా నుంచి గుట్ట కనబడుతుంది. మంట అంటుకున్న రాత్రులు కిటికీలకు తడి చీరలు కట్టుకుని పడుకున్నాం. ఇప్పుడు యంత్రాలు తిరుగుతున్నాయి, సంతోషమే.

నా ప్రశ్న వేరు. జల్లెడ పట్టాక ప్లాస్టిక్కు సిమెంటు ఫ్యాక్టరీలకు పోతోంది. కింద రాలిన సన్నటి మట్టి ఎక్కడికి పోతోంది? పల్లపు స్థలాలు మెరక చేయడానికి వాడతారంటారు. ఆ మట్టిలో బ్యాటరీల, పాత బల్బుల లోహాలు ఉండవా? టన్నుకు ఇంత అని లెక్కగట్టినప్పుడు ఎత్తింది ఎంతో చూస్తారు, దించింది ఎక్కడో చూస్తారా?

మాజీ మున్సిపల్ ఇంజనీరు | ఆదివారం, మధ్యాహ్నం 2:10

అమ్మా, మీరు సరిగ్గా నొప్పి ఉన్న చోటే వేలు పెట్టారు. ఆ మట్టిలో భార లోహాలు చూడకుండా బయటికి పంపకూడదు. కాంట్రాక్టు బిల్లు మాత్రం టన్నుల మీద నడుస్తుంది. నేను ఉద్యోగంలో ఉండగా కొలతల పుస్తకంలో సంతకాలు పెట్టినవాణ్ణి, నాకు తెలుసు. బరువుకు గడి ఉంటుంది, విషానికి ఉండదు. పైగా 2025 నియమాలు చెత్త గుట్టలను చాలా వరకు తమ పరిధి నుంచి తప్పించాయి, విషం హద్దు దాటిందని తేలితే తప్ప. తేలాలంటే ఎవరో ఒకరు పరీక్షించాలి. తిరిగి తిరిగి కోశాధికారి గారి ప్రశ్న దగ్గరికే వచ్చాం.

మన తెలుగు నేలనూ మరిచిపోకూడదు. ప్రపంచ బ్యాంకు అప్పుతో 2010లో మొదలైన పరిశ్రమల కాలుష్య నిర్వహణ ప్రాజెక్టుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌లను ఎంచుకున్నారు. హైదరాబాదు కాటేదాన్‌లోని నూర్ మహమ్మద్ కుంట, కడప చెత్త స్థలం అందులోవి. ముందు పరిశీలన, తరువాత ప్రణాళిక, తరువాత పని అనే వరుస కాగితం మీద నేర్పింది అదే. అప్పు తెచ్చి నేర్చుకున్న పాఠం, సొంత బడ్జెట్టు దగ్గరికి వచ్చేసరికి జ్ఞాపకం ఉండదు.

లెక్కలవాడు | ఆదివారం, మధ్యాహ్నం 3:00

డబ్బు లేదని మాత్రం చెప్పకండి. బొగ్గు మీద 2010లో టన్నుకు 50 రూపాయల సెస్సు మొదలుపెట్టి 2016 నాటికి 400 చేశారు. స్వచ్ఛ ఇంధన నిధి కోసం అని పేరు. వసూలైన దాంట్లో సగం కూడా ఆ నిధికి చేరలేదు. 2017లో జీఎస్‌టీ రాగానే అది రాష్ట్రాల పరిహారానికి మళ్ళింది. అమెరికాలో పన్ను ఆగిపోయి నిధి ఎండింది. మన దగ్గర అప్పుడు పన్ను ఆగలేదు, తూము మార్చారు. ఆ సెస్సును ఎత్తేసింది 2025లో.

నిన్న నేను కొంచెం దురుసుగా రాశాను. కార్ఖానా నడిపినవాళ్ళు పారిపోయినప్పుడు పిల్లల బడి ఆ ఖర్చు మొయ్యాలనడం సబబు కాదు. సరే.

తిరువొత్తియూరు తాత | ఆదివారం, సాయంత్రం 4:26

నాయనా, ఇంత పెద్ద చర్చలో ఎవరూ అడగని మాట ఒకటి అడుగుతాను. ఆ వీధిలో పాత టీ కొట్టు ఉందా? కార్ఖానాలో పనిచేసిన కుర్రాళ్ళు టీకి ఎక్కడికి వెళ్ళేవారో అక్కడికి వెళ్ళు. కాగితాలకు తెలియనివి ఆ బెంచీకి తెలుస్తాయి.

కొరట్టూరు కోశాధికారి | బుధవారం, రాత్రి 9:50

తాతగారికి సాష్టాంగ నమస్కారం. టీ కొట్టాయన కొడుకు ఇప్పుడు నడుపుతున్నాడు, తండ్రి వెనక గదిలో మంచం మీద ఉన్నారు. అరవై రూపాయల టీ తాగాక మాట కలిసింది. స్థలం ఈశాన్యం మూలన, బోరుకు పదడుగుల దూరంలో, ఒక గొయ్యి ఉండేదట. పూత తొట్టెలు కడిగిన నీళ్ళన్నీ అందులోకే. అడుగున సిమెంటు లేదు. మూసేటప్పుడు రెండు పీపాలు కూడా అందులో పడేశారని ఆయన అంటే, కొడుకు కాదు మూడు అన్నాడు. ఈశాన్యంలో నీళ్ళుండాలని వాస్తు చూసి బోరు అక్కడ వేశారట.

దానం ఇచ్చిన పెద్దబ్బాయి పాత అద్దె ఒప్పందం వెతికి ఇచ్చాడు. కార్ఖానా నడిపినవాళ్ళ పేర్లు, నాటి చిరునామా అందులో ఉన్నాయి. తానే వచ్చి ఫిర్యాదు మీద సంతకం పెట్టాడు. కలెక్టరు కార్యాలయంలో, మండలి కార్యాలయంలో ఇచ్చి రసీదులు తీసుకున్నాను. ఒకచోట గుమాస్తా, "రెండు గ్రౌండ్లకా ఇంత?" అన్నాడు. ఏమీ అనలేదు.

పాత గాజుకుప్పె | బుధవారం, రాత్రి 10:20

అయితే స్థలమంతటా నమూనాలు తీయాల్సిన అవసరం లేదు, ఖర్చు బాగా తగ్గుతుంది. గొయ్యి నడుమ మూడు లోతుల్లో, బోరు వైపు రెండు చోట్ల, దూరంగా శుభ్రమనుకున్న మూలన పోలిక కోసం ఒకటి. బోరు నీళ్ళు విడిగా. పీపాలున్న చోట పార వేయకండి, వేయనివ్వకండి. యంత్రంతో తవ్వుదామని ఎవరైనా ఉత్సాహపడితే ఆపండి.

విషం ఉందని తేలితే దారులు లేకపోలేదు. మట్టి తక్కువైతే ఎత్తి గుమ్మిడిపూండిలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపడం ఒకటి. ఫెర్రస్ సల్ఫేట్ లాంటివి కలిపి హెక్సావాలెంట్‌ను కదలని రూపంలోకి మార్చడం ఒకటి. అవి ఇప్పుడు కాదు.

కొడుంగయ్యూరు కోడలు | బుధవారం, రాత్రి 10:41

పక్క ఇళ్ళవాళ్ళ బోర్లు ఎలా ఉన్నాయి? వాళ్ళకు చెప్పారా?

కొరట్టూరు కోశాధికారి | గురువారం, ఉదయం 6:15

రాత్రంతా ఆ ప్రశ్నతోనే పడుకున్నాను. తూర్పు వైపు నాలుగు ఇళ్ళు. రెండింట్లో మెట్రో వాటర్ బోర్డు కుళాయి నీళ్ళే తాగుతారు, బోరు నీళ్ళు గిన్నెలకు, బట్టలకు. మూడో ఇంటామె ఎప్పటినుంచో తెల్ల చొక్కాలు పసుపెక్కుతున్నాయని సబ్బు మార్చి చూస్తున్నారట. నాలుగో ఇల్లు తాళం. చెబితే మా ఇళ్ళ ధరలు పడిపోతాయని ఒకాయన గొడవపడ్డారు, ఆయన భార్య మాత్రం సీసా కడిగి తెచ్చి ఇచ్చారు.

సంఘం సమావేశంలో ఈ ఏడాది ఉగాది వేదిక ఖర్చు మానుకుని ఆ డబ్బు పరీక్షకు పెట్టాలని తీర్మానం అయింది. కార్యదర్శి గారే ప్రతిపాదించారు. మండలి 90 రోజుల్లో వస్తే వాళ్ళకు చూపడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది. రాకపోతే ఆ కాగితంతోనే హైకోర్టు నీడ గారి దగ్గరికి వస్తాం.

శనివారం పొద్దున ఏడింటికి నమూనాలు తీయడానికి వస్తున్నారు. పాత గాజుకుప్పె గారూ, మీరు వచ్చి పక్కన నిలబడితే ధైర్యంగా ఉంటుంది. మంచు డబ్బా మా ఇంట్లో ఉంది. గేటు తాళం చెవి టీ కొట్టులో ఇచ్చాను.

పాత గాజుకుప్పె | గురువారం, ఉదయం 6:22

ఆరున్నరకే వస్తాను. సీసాలు నేను తెస్తాను, మీవి కడగకండి.